గుట్ట వెనక దారిలో అనసూయక్క

శివరాత్రి దగ్గర పడితే బీరంగూడ రోడ్డు పక్కన కందగడ్డలు కుప్పలు పోసి అమ్ముతారు. ఇవాళ డ్యూటీ నుంచి వస్తూ కొన్ని తెచ్చి ఉడకబెట్టాను. మూత తీయగానే తడిమట్టి వాసనా, తీపి వాసనా కలిసి వంటిల్లంతా పరుచుకున్నాయి. మా ఇంట్లో వీటిని చిలగడదుంపలంటాం. కందగడ్డ అన్న మాట నాకు అలవాటు చేసింది అనసూయక్క. "మరి మీ దిక్కు కంద అంటే ఏంది?" అని అడిగి, అది దురద పెట్టే వేరే దుంప అని నేను చెప్పేసరికి కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వింది.

పటాన్‌చెరులో మందుల సీసాలు ప్యాక్ చేసే షెడ్డులో ఆమె మా సూపర్‌వైజర్. కర్దనూర్ మనిషి. పొట్టిగా, బొద్దుగా ఉండేది. మిషన్ల రొదలో కూడా ఆమె గొంతు ఈ చివర నుంచి ఆ చివరకు వినబడేది. మా నాన్న ఇక్కడి ఫ్యాక్టరీలో ఉద్యోగం కోసం గుడివాడ వైపు నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. నేను ఇక్కడే పుట్టినా ఇంట్లో మాట ఒక రకం, వీధిలో మాట ఒక రకం కావడంతో నలుగురిలో నోరు తెరవాలంటే జంకేదాన్ని. చేరిన మొదటి రోజు అనసూయక్క నన్ను చదువు గురించి అడగలేదు, ఊరు గురించి అడగలేదు.

"పొద్దుగాల ఏం తిన్నవ్ బిడ్డా?"

"పెసరట్టండి."

"దాంట్ల ఉల్లిగడ్డ లోపలేస్తరా, మీదేస్తరా?"

జవాబు చెప్పక తప్పలేదు. అల్లం దగ్గర మొదలుపెట్టి ఎక్కడికో వెళ్లిపోయాను. కొత్తవాళ్ల ముందు నేను అంతసేపు మాట్లాడటం అదే మొదలు. ఆ అడగడం అందరికీ నచ్చేది కాదు. ఆరా తీసే మనిషని కొందరు తప్పుకుని తిరిగేవాళ్లు. నిజమే, అడగకూడనివి కూడా అడిగేది. అవతలి మొహం మారిందంటే మాత్రం వెంటనే చెంపలేసుకుని, "తప్పైంది, నాకెందుకు గాని" అనేది. తెల్లారితే మళ్లీ మామూలే.

ఆ ఏడు శివరాత్రికి ఆమె నన్నూ రేఖనూ బీరంగూడ గుట్టకు తీసుకెళ్లింది. రేఖ మా ఆఫీసు అకౌంట్సులో పనిచేసేది. సంగారెడ్డిలో కిరాణా కొట్టు వాళ్లమ్మాయి. మంచినీళ్లు కూడా ముట్టకుండా ఉపవాసం పట్టింది. గుట్ట మీద శివాలయం, ముందు వైపు మెట్లు, మెట్ల నిండా జనం. అనసూయక్క మమ్మల్ని వెనక కాలిబాటకు మళ్లించింది. రాళ్ల మధ్య ఎక్కుతుంటే అక్కడక్కడా మోదుగుచెట్లు ఆకు లేకుండా ఎర్రగా పూసి ఉన్నాయి.

సగం దూరంలో ఒక బండ నీడన ముసలమ్మ ఒకతె ఒంటరిగా కూర్చుని ఉంది. ముతక చీర, ముంజేతుల మీద పచ్చబొట్లు. ఆమె ముందు చిల్లర పడి ఉంది. మా ముందు నడుస్తున్నాయన ఇంకో నాణెం వేశాడు. ఆమె దాన్ని వేలి కొసతో దూరంగా నెట్టేసింది. అనసూయక్క ఆగిపోయింది.

"బిచ్చమెత్తేదైతే పైసలు గట్ల నూకేస్తదా?"

"అక్కా, జల్దీ పోదాం, లైన్ పెరుగుతది," అంది రేఖ.

అప్పటికే అక్క ఆమె పక్కన చతికిలబడింది. తెలుగులో అడిగింది, హిందీలో అడిగింది. ముసలమ్మ తల అడ్డంగా ఊపింది. కళ్లు ఎర్రబడి ఉన్నాయి. అక్క తన గుండె మీద చెయ్యి పెట్టుకుని "అనసూయ" అంది. ముసలమ్మ కూడా అలాగే చెయ్యి పెట్టుకుని "సుమిత్రా" అంది. తర్వాత ఏదో గబగబా చెప్పింది. ఒడియా అయ్యుంటుందని రేఖ అంది గాని, మా ముగ్గురిలో ఎవరికీ ఆ భాష రాదు.

కొడుకని మాత్రం తెలిసింది, ఒళ్లో బిడ్డను ఊపినట్టు చూపించింది కాబట్టి. అతను ఏం పనిచేస్తాడని అక్క సైగలతో అడిగితే, ముసలమ్మ రెండు చేతులతో బరువైనదేదో పట్టి ఒంచి పోస్తున్నట్టు చేసి, మొహం పక్కకు తిప్పుకుంది.

"వంటవాడేమో," అన్నాను.

"వంటోడు మొఖమెందుకు తిప్పుకుంటడు? ఇంకోపారి చూపియ్యమ్మా."

ముసలమ్మ మళ్లీ చేసి చూపింది. ఈసారి తన ముంజేతి మీద వేలితో చుక్కలు చుక్కలుగా పొడిచింది. అనసూయక్క ఒక్కసారిగా నా భుజం పట్టుకుంది.

"ఇనుము కరగబోసే కార్ఖానా! మా తమ్ముని చేతుల మీద గిట్లనే ఉంటయి, నిప్పురవ్వల మచ్చలు."

వెంటనే తమ్ముడికి ఫోన్ చేసింది. సుమిత్ర అనే ఆమె కొడుకు, ఒడిశా వాళ్లు, శివరాత్రికి గుట్టకొచ్చినోళ్లు ఉంటే కనుక్కోమంది. అతను తనకు తెలిసిన కాంట్రాక్టర్లందరికీ ఫోన్లు చేస్తూ కూర్చున్నాడు. మేం అక్కడే ఉండిపోయాం. రేఖ విసుక్కుంటూనే తన చున్నీ ముసలమ్మ తలకు కప్పింది. అక్క మాత్రం తీరిగ్గా ఒక్కో చెట్టూ, ఒక్కో రాయీ చూపిస్తూ వాటికి వాళ్ల మాట అడుగుతోంది. మోదుగుపువ్వు చూపితే ముసలమ్మ మొహం విప్పారింది. "పొళాసొ," అంది. మాతో పాటు రేఖ కూడా ఆ మాట పలికింది.

ఎండ వాలుతుండగా, ఫోన్లో కబురు అందిన ఒక కుర్రాడు రొప్పుతూ పైకి పరుగెత్తుకొచ్చాడు. తల్లిని చూడగానే కాళ్ల దగ్గర కూలబడి ఏడ్చేశాడు. అతని ముంజేతుల మీద ఆ మచ్చలు నేనూ చూశాను. తోటివాళ్లతో కలిసి అంతసేపూ మెట్ల వైపే వెతుకుతున్నాడట. తల్లి ఊరి నుంచి వచ్చి వారం కూడా కాలేదట. లైన్లోంచి ఎందుకు పక్కకు వెళ్లావని కాబోలు అతను అడిగితే, ఆమె సిగ్గుపడుతూ చెట్ల వైపు చెయ్యి చూపింది. తమ ఊళ్లో పూసే పువ్వే ఇక్కడా పూసిందా అని చూడ్డానికి వచ్చి దారి తప్పిందని అతను హిందీలో చెప్పాడు.

"అచ్చం నా లెక్కనే ఉన్నదిరా మీయమ్మ," అంది అనసూయక్క.

దర్శనం రెప్పపాటులో అయిపోయింది. దిగేటప్పుడు దేవుణ్ణి ఏం కోరుకున్నావని అక్కను అడిగాను.

"కోరుకునుడు మర్చే పోయిన. లింగం ముంగట చిన్న గుంత ఉన్నది, చూసినవా? అది ఎందుకో పూజారిని అడుగుదామనుకున్న. ఎనకోళ్లు నూకేసిండ్రు."

అనసూయక్క నిరుడు చలికాలంలో గుండెపోటుతో పోయింది. షెడ్డులో ఆమె కుర్చీ ఇప్పుడు నాది. మొన్న జార్ఖండ్ నుంచి ఒకమ్మాయి కొత్తగా చేరింది. పేరు చెప్పి తల దించుకున్నది మళ్లీ ఎత్తలేదు. ఈ అమ్మాయికి చెప్పేది అర్థం కావడం లేదు, పంపించేద్దామన్నారు మేనేజరు. రెండు రోజులు ఆగమన్నాను. భోజనాల వేళ నా డబ్బా తీసుకుని వెళ్లి ఆమె పక్కన కూర్చున్నాను. ఆమె డబ్బాలో నేనెప్పుడూ చూడని ఆకుకూర ఏదో ఉంది. ఇదేమిటని వచ్చీరాని హిందీలో అడిగాను. చటుక్కున మూత పెట్టబోయింది. నేను ఎగతాళి చేయడం లేదని తేల్చుకోవడానికి కాబోలు, కాసేపు నా మొహం చూసింది. తర్వాత మెల్లగా చెప్పడం మొదలుపెట్టింది. ముత్తంగి దగ్గర గోదాముల వెనక ఖాళీ జాగాలో దొరుకుతుందట. లేత ఆకు మాత్రమే కోయాలట. వాళ్లమ్మ అయితే ఎండబెట్టి దాస్తుందట. ఎలా ఎండబెడతారని అడిగాను. పళ్లెంలో ఆకులు పరుస్తున్నట్టు రెండు చేతులూ గాల్లో తిప్పుతూ చెబుతోంది. పనిలోకి రమ్మని బెల్ కొట్టారు. ఆమెకు వినబడలేదు. నేను లేవలేదు.