కండెల మోటారు ఆపినట్టు

పంపు టైమరు మార్చింది నేను. మార్చింది మల్లేశం అని చెప్పిందీ నేనే.

ఈ రెండు మాటలు తొమ్మిదేళ్లుగా నాలో తిరుగుతూనే ఉన్నాయి. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను.

నీలం నగర్‌లో మల్లేశం, నేను పక్కపక్క మగ్గాల మీద నేశాం. మగ్గాలు అమ్ముడుపోయాక, హోట్గి రోడ్‌లో ఒక ఫిజియోథెరపీ ఆస్పత్రిలో స్విమ్మింగ్ పూల్ చూసుకునే పనికి కుదిరాం. కీళ్లు పట్టేసినవాళ్లు ఆ గోరువెచ్చని నీళ్లలో మెల్లగా నడిచేవారు. పొద్దున్నే నీటిమీద ఆవిరి తెల్లని పోగుల్లా లేచేది. మల్లేశం భార్య సాయవ్వకు బీడీలు చుట్టే చెయ్యి పక్షవాతంతో పడిపోయింది. పనివాళ్ల ఇంటిమనిషని ఆమెనూ రానిచ్చేవారు. ఆ నీళ్లలో మాత్రం ఆ చెయ్యి తనంతట తాను తేలేది. కలలో లేచినట్టు.

అక్కడ రెండు యంత్రాలు. ఒకటి నీటిని తిప్పే పంపు. రెండోది హీట్ పంపు. గాలిలోని వేడిని లాగి, తనగుండా పారే నీటికి అందిస్తుంది. రెండూ గంటల తరబడి కలిసి నడవడం చూస్తే, కరెంటు దండగని నాకు ఒళ్లు మండేది. మేం ముందు కండెలకు నూలు చుట్టి, ఆ చుట్టే మోటారు ఆపి, తర్వాతే మగ్గం నడిపేవాళ్లం. ఈ ఇంజనీర్లకు ఆ మాత్రం తెలియదా? ఎవరినీ అడగకుండా టైమర్లు మార్చాను. ముందు పంపు, అది ఆగాక హీట్ పంపు.

నీరు పారకపోతే హీట్ పంపు అసలు మొదలే కాదు. ఆ సంగతి నాకు తెలియదు. పూల్ చల్లబడింది. ఆస్పత్రి యజమాని సేఠ్ అందరి ముందు నన్ను నిలబెట్టాడు.

“టైమరు ముట్టిందెవరు? నువ్వేనా, ఇంజనీర్ సాబ్?”

అందరూ నవ్వారు.

“నేను గాదు సేఠ్. మల్లేశం తిప్పిండు.”

“ఏంది బావా?” అన్నాడు మల్లేశం. అంతే. ఆ రోజే అతన్ని పంపేశారు. సాయవ్వకూ ఆ గేటు మూసుకుంది.

తర్వాత యంత్రం పుస్తకం తెచ్చుకుని, కూడబలుక్కుంటూ చదివి, టైమర్లు సరిచేశాను. ఇప్పటికీ అక్కడే ఆ వెచ్చదనానికి కాపలా ఉన్నాను. ఆ ఒక్క నవ్వును ఓర్చుకుని ఉంటే నాకేం పోయేది?

మొన్న జోడ్‌భావి పేట్‌లో మల్లేశం వాళ్లింటికి వెళ్లి అంతా చెప్పాను. క్షమించమనే మాట నోటికి రాలేదు. అయినా ఊపిరి కాస్త తేలికైంది. సాయవ్వ చెయ్యి ఒడిలో ముడుచుకుని ఉంది. మల్లేశం ఆ చేతిని తన చేతిలోకి తీసుకున్నాడు.

“ముందు కండెలు, తర్వాత మగ్గం అన్నట్టు టైమరు పెట్టేటోళ్లం అక్కడ ఇద్దరమే బావా. నేను పెట్టలే. ఇంక నువ్వేనని నాకు అప్పుడే ఎరుక గాదా? జానే దో, పోనియ్. సాయవ్వ రోజూ నన్నే అడుగుతది, ఇయ్యాల నువ్వే చెప్పు: ఆ నీళ్లు ఇప్పుడు వెచ్చగున్నయా?”