రాయప్ప పడవకు పట్టిన బంక

నాకు మరిది వరసయ్యే చిన్నరాయప్ప పడవ అమ్మేస్తున్నాడట, అందుకే దాన్ని రుద్ది మెరిపిస్తున్నాడట. వీధంతా ఇదే మాట. ఆగలేక నేనే వెళ్లి అడిగొచ్చాను.

ఒకప్పుడు కొల్లేట్లో ఆ నీలం పడవ మీదే మమ్మల్ని పెళ్లిళ్లకు దాటించేవాడు. ముందు కూర్చుని అతని భార్య ఇన్నమ్మ పాటలు పాడేది. ఆమె పోయాక పడవని ముసునూరులో తన తోటకి చేర్చి మామిడిచెట్టు కింద బోర్లించేశాడు. చెట్టు నుంచి కారిన బంక దాని మీద రాయిలా బిగిసింది.

నేను వెళ్లేసరికి కొబ్బరినూనె గుడ్డతో మెల్లగా తుడుస్తున్నాడు. నాలుగు రోజులకి జానెడు మేరే వదిలింది.

"కత్తితో గీకితే గంటలో పోయేదానికి ఇదేం పనయ్యా? నిజం చెప్పు, అమ్మేస్తున్నావా?"

"అమ్మేదైతే గీకేద్దును వదినగారూ. కింద రంగు ఇన్నమ్మ వేసిందండీ. గీకితే అదీ పోద్ది."