గుమ్మడికాయల మీద గీతలు

శంషాబాద్‌లో మా కాలనీకి కొత్తగా ఎవరు వచ్చినా నేను ముందు వాళ్ళ చేతుల వంక చూస్తాను. చేతిలో మిఠాయి డబ్బా కనబడిందంటే నాకు గుబులు. మా అత్తగారి పొలం విమానాశ్రయం కిందికి పోయినప్పుడూ, ఆ తర్వాత మిగిలిన ముక్క కోసం బేరగాళ్ళు తిరిగినప్పుడూ, ఇంటికి వచ్చినవాళ్ళంతా డబ్బాలతోనే వచ్చారు. కూర్చుని, చాయ్ తాగి, మంచిచెడ్డలు అడిగి, చివరికి సంచిలోంచి కాగితాలు తీసేవాళ్ళు.

అందుకే ఆ వానాకాలం మొదట్లో పక్కింట్లోకి కిరాయికి దిగిన ఆమె, మొదటి ఆదివారమే చర్చి నుంచి వచ్చి, పళ్ళెం మీద తెల్లబట్ట కప్పుకుని మా గేటు ముందు నిలబడితే నేను గేటు సగమే తీశాను.

"ఊకెనే తెచ్చిన చెల్లె. కొత్త జాగల నా ఓవెన్ ఎట్ల పనిచేస్తదో సూద్దామని కేకు చేసిన" అంది.

ఆమె నాకన్నా ఐదారేళ్ళు పెద్దది. ఒకప్పుడు దవాఖానలో ఆయాగా చేసి మానేసిందట. ఇప్పుడు ఇంట్లోనే కేకులు చేసి పుట్టినరోజులకూ పెళ్ళిళ్ళకూ ఇస్తుంది. ఒక్కతే ఉంటుంది. ఇంతవరకూ ఎవరైనా చెప్పుకునే సంగతులే. ఆ తర్వాత ఆమె అడిగినవే నాకు నచ్చలేదు.

"వెనుక జాగ ఎన్ని గజాలుంటది? అన్నీ నువ్వే పెట్టినవా? పగటిపూట ఇంట్ల ఎవరుంటరు? నీ డ్యూటీ ఎన్నింటికి?"

నేను ఎయిర్‌పోర్టులో సిబ్బంది తినే క్యాంటీన్‌లో పని చేస్తాను. పొద్దున తొమ్మిదికి పోతే సాయంత్రం ఆరు దాటుతుంది. మా ఆయన క్యాబ్ నడుపుతాడు, ఆయనకు వేళాపాళా లేదు. పగలంతా ఇంట్లో ఉండేది మా అత్త ఒక్కతే. డెబ్బై దాటిన మనిషి, షుగర్ ఉంది, కళ్ళు సరిగా ఆనవు. ఈ మాట బయటి మనిషికి చెప్పాలా? "ఎవరో ఒకరు ఉంటనే ఉంటరు" అని గేటు వేసేశాను. కేకు మాత్రం తిన్నాను. బాగుంది. అది కూడా నాకు అనుమానంగానే అనిపించింది.

ఆ తర్వాత ప్రతి ఆదివారం ఏదో ఒకటి వచ్చేది. నేను ఊరికే తీసుకోవడం ఇష్టంలేక బీరకాయలో, గుప్పెడు బెండకాయలో పళ్ళెంలో వేసి పంపేదాన్ని. వాటిని చూసి ఆమె సంబరపడిపోయేది. చిక్కుడు పాదుకు పేను పడితే ఏం చల్లావు, సొరపాదు ఎందుకు పిందె రాలుస్తుంది అని గోడ అవతల నుంచి ఒకటే ప్రశ్నలు. నేను జవాబిస్తూనే, ఆమె కళ్ళు ఎటు పోతున్నాయో చూసేదాన్ని. అవి ఎప్పుడూ నా భుజం మీదుగా మా వాకిలి వైపే పోయేవి.

ఆ ఏడు గుమ్మడి విరగకాసింది. తీగ గోడెక్కి, రేకుల షెడ్డు మీదికి పాకి, తొమ్మిది కాయలు నిలబెట్టింది. ఆడవాళ్ళు నిండు గుమ్మడికాయను కత్తితో కోయకూడదని మా ఇంట్లో పట్టింపు. మగమనిషి ముందు పగలగొట్టాలి, ఆ తర్వాతే మేము ముక్కలు తరుక్కోవాలి. మా ఆయనకు తీరికుండేది కాదు. పైగా అత్తకు తీపి పడదు. ముదిరాక మా అక్కకు రెండు, క్యాంటీన్ వాళ్ళకు రెండు ఇవ్వాలని అలాగే ఉంచాను.

బతుకమ్మ వెళ్ళిన వారానికి ఒక కాయ తక్కువైంది. నేను మూడుసార్లు లెక్కపెట్టాను. ఇంకో నాలుగు రోజులకు మరొకటి. రెండు చోట్లా తొడిమెను కత్తితో నున్నగా కోసిన గుర్తు. కోతి అయితే పీకుతుంది, దొంగ అయితే తెంపుకుని పరిగెత్తుతాడు. ఇంత నిదానంగా కోసింది ఎవరు?

ఆ ఆదివారం వచ్చిన కేకు పసుప్పచ్చగా ఉంది. మెత్తగా, చెమ్మగా, నాలుక మీద తెలిసిన తీపి.

"ఏమేసినవక్కా దీంట్ల?"

"అది జెప్పరాదు చెల్లె. మా యాపారం రహస్యం" అని నవ్వింది.

మా అత్త అక్కడే వాకిట్లో కూర్చుని ఉంది. నేను కావాలనే గొంతు పెంచి, "మా గుమ్మడికాయలు ఎవలో కోస్కపోతున్నరక్కా. ఎవలో ఏందో దొరకకపోతరా?" అన్నాను. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నాడని సామెత కదా, ఆమె భుజాల వంకే చూస్తూ నిలబడ్డాను. ఆమె కదల్లేదు. అత్త మాత్రం చలేసినట్టు కొంగు కప్పుకుని లోపలికి వెళ్ళిపోయింది.

మా ఆయనకు చెబితే, "నీకు అందరి మీద అనుమానమే. కాయ పోతే పోయింది తియ్యి" అన్నాడు. నాకు నిద్ర పట్టలేదు. పొద్దున్నే పిన్నీసు తీసుకుని షెడ్డు పక్కన స్టూలు వేసుకుని ఎక్కి, మిగిలిన ఏడు కాయల మీదా తొడిమె దగ్గర ఒక్కో అడ్డగీత, ఒక్కో నిలువుగీత గీశాను. ఎక్కడ దొరికినా నా కాయ నేను గుర్తుపట్టాలి.

ఆ వారంలోనే కందుకూరులో మా అక్కకు ఒంట్లో బాగాలేదంటే సెలవు పెట్టి చూసి వస్తున్నాను. తుక్కుగూడలో బస్సు దిగేసరికి మబ్బు నల్లగా దిగింది. శంషాబాద్ వైపు పోయే షేర్ ఆటో ఒకటి కదలబోతుంటే పరిగెత్తి ఎక్కాను. లోపల ఆమె కూర్చుని ఉంది. ఒళ్ళో పెద్ద గుడ్డసంచి, దాని మీద పాలిథిన్ కవరు, దాని మీద రెండు చేతులు.

"నువ్వేంది చెల్లె గిటు?" అంది. ముఖం పాలిపోయింది. నేను ఆ సంచినే చూశాను. గుండ్రంగా, బరువుగా ఉంది.

రెండు కిలోమీటర్లు కూడా పోలేదు, వాన మొదలైంది. అది వాన కాదు, పైనుంచి ఎవరో బిందెలతో గుమ్మరించినట్టే. ఆటో అతను పక్క పరదాలు దించి, తల బయట పెట్టి నడిపాడు. ఒక కల్వర్టు దగ్గర రోడ్డు మీదినుంచి నీళ్ళు పారుతున్నాయి. ముందు లారీలు ఆగాయి, వెనక కార్లు ఆగాయి. కాసేపటికి ఆటో ఇంజన్‌లోకి నీళ్ళు పోయాయి. మిగతా ఇద్దరు ప్రయాణికులు తిట్టుకుంటూ దిగి నడిచిపోయారు. ఆటో అతను ముందుకెళ్ళి దారి చూసి వస్తానన్నాడు. మేమిద్దరమే మిగిలాం.

ఏదో ఒకటి మాట్లాడకపోతే భయమేస్తుంది. ఆమే మొదలుపెట్టింది.

"గీ వానలకు నా కేకులు పొంగుతలేవు. మైదా చెమ్మ పడ్తది. జర్రంత ఎండల పెట్టి, జల్లెడ పట్టి, అప్పుడు కలపాలె. ఎండేది?"

"మా క్యాంటీన్ల గూడ అంతే. ఉప్పు నీళ్ళైతున్నది" అన్నాను.

"ఇదేం వాన చెల్లె! నేను బడంగ్‌పేట్‌ల ఉన్నప్పుడు బాలాపూర్‌కు పెండ్లి కేకు తీస్కపోయిన. మూడంతస్తులది. ఆ దినమే ఆడ గణపతి లడ్డు వేలంపాట. జనమే జనం. ఆటో పోదు, వాన ఆగదు. నెత్తి మీద పెట్టుకుని నడిసిన. పెండ్లింటికి పోయేసరికి పైఅంతస్తు కిందికొచ్చింది, క్రీమంత నా జుట్లకొచ్చింది. పెండ్లిపిల్ల నన్ను సూసి నవ్వుడే నవ్వుడు. గదే నయం, ఏడ్వలే."

నాకు నవ్వు ఆగలేదు. నేను కూడా నా మొదటి డ్యూటీ రోజు సంగతి చెప్పాను. మా ఆయన బండి మీద చెప్పులు చేతిలో పట్టుకుని, ముద్దగా తడిసి గేటు దగ్గరికి పోతే, కార్డు మీద ఫొటోకూ నా ముఖానికీ పోలిక లేదని కాపలా అతను అరగంట నిలబెట్టాడు. ఆమె పొట్ట పట్టుకుని నవ్వింది. పొట్ట పట్టుకుంది కానీ సంచిని వదల్లేదు. నా నవ్వు అక్కడే ఆగిపోయింది.

"సంచిల ఏముందక్కా?"

"ఏం లేదు చెల్లె. సామాన్లు."

"బరువున్నట్టున్నది. ఇటియ్యి, జరసేపు నేను పట్టుకుంట."

"వద్దొద్దు. అలవాటే."

కాసేపటికి ఆటో అతను తడిసి వచ్చి, బండి ఇక కదలదనీ, కొంచెం ముందు పెట్రోల్ బంకు ఉందనీ, అక్కడిదాకా నడవమనీ చెప్పాడు. దిగాం. మోకాళ్ళదాకా నీళ్ళు. పది అడుగులు వేశామో లేదో ఆమె కాలు జారింది. నేను ఒక చేత్తో ఆమె రెక్క పట్టుకున్నాను, రెండో చేత్తో సంచి లాక్కున్నాను. ఆమెను పట్టుకోవడం సాయమే. సంచి లాక్కోవడం మాత్రం సాయం కాదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

బంకు కప్పు కిందికి చేరగానే అడగకుండానే పాలిథిన్ విప్పాను. లోపల గుమ్మడికాయ. దాన్ని తొడిమె వైపు తిప్పాను, అటు తిప్పాను, ఇటు తిప్పాను. ఎక్కడా గీత లేదు.

"దానికి నీ గీత ఉండదు చెల్లె" అంది ఆమె, గట్టు మీద కూర్చుంటూ. "తుక్కుగూడల కొన్న."

"కొని ఏం చేస్తవ్? మా పాదు మీద కాయలుండంగ?"

ఆమె కొంగు పిండుకుంది. తర్వాత చెప్పింది. "నీతోని చెప్పొద్దని మీ అత్తమ్మ ఒట్టు పెట్టించుకున్నది. పాదు మీదికెల్లి చేతికందిన కాయలు కోసింది ఆమెనే. తినబుద్ధైతున్నదట. ఇంట్ల అడిగితే షుగరంటరు, కోసేటోళ్ళు లేరంటరు. మాకు ఆ పట్టింపు లేదు కదా, నేను తరిగి వండిపెట్టిన. మొన్న మూడో కాయ తెచ్చినంక నీ గీత ఆమె చేతికి తగిలింది. గప్పటిసంది ఒకటే పరేషాన్. 'నా కోడలు లెక్క పెట్టుకున్నది, గసొంటిదే ఒకటి తెచ్చి కట్టు' అని నన్ను తోలింది."

"నువ్వు కేకులు చేసి అమ్ముకుంటలేవా?"

"రెండు ఆర్డర్లకు ఇచ్చిన. అబద్ధమెందుకు? తినంగ మిగిలింది ఊకె పోతుంటే వాడుకున్న. అది నా తప్పే."

ఆ మాటతో నాకు కొంచెం ఊరట కలిగింది, నా అనుమానం పూర్తిగా వట్టిది కాదని. అందుకే ఇంకో ప్రశ్న కూడా అడిగేశాను. వచ్చిన రోజు నుంచీ నా డ్యూటీ వేళలు ఎందుకు అడుగుతున్నావు అని.

"మొదట ఊకెనే అడిగిన. తర్వాత శ్రావణంల మీ అత్తమ్మ బాత్రూంల పడ్డది. మొత్తుకుంటే ఇనబడి గోడ దుంకి వచ్చిన. నువ్వు డ్యూటీ బంద్ చేస్తవని నీకు చెప్పనియ్యలే. ఇగ అప్పటిసంది నువ్వు పోంగనే నేను ఒకసారి తొంగి చూస్త, నువ్వొచ్చేదాక మా ఇంట్ల కూసుండబెట్టుకుంట. పిండి కలుపుతది, ముచ్చట చెప్తది."

శ్రావణమంటే రెండు నెలలు దాటింది. ప్రతి సాయంత్రం ఇంటికి రాగానే "తిన్నవా అత్తా?" అని అడుగుతున్నాను, ఆమె తిన్నానంటుంది. ఆమె కొంచెం కుంటుతోందని చూశాను కూడా, వయసనుకున్నాను. గుమ్మడికాయలు తొమ్మిదా ఎనిమిదా అని మూడుసార్లు లెక్కపెట్టిన దాన్ని, ఇంట్లో మనిషి నడక చూడలేదు.

వాన తగ్గాక ఇంకో ఆటో దొరికి ఇల్లు చేరేసరికి దీపాలు పెట్టే వేళ దాటింది. అత్త గడపలో నిలబడి, "గంత తడిసినవేందే? జర తల తుడుసుకో" అంది. నేను ఏమీ బయటపెట్టలేదు. సంచి పక్కింటామెతోనే వాళ్ళింటికి వెళ్ళింది.

మర్నాడు డ్యూటీ నుంచి వచ్చి పెరట్లోకి వెళ్ళాను. షెడ్డు అంచున, చేతికందే చోట ఒక కాయ సుతిలి తాడుతో తీగకు కట్టి ఉంది. దాని మీద కూడా ఒక అడ్డగీత, ఒక నిలువుగీత. గీతలు పచ్చిగా ఉన్నాయి, వణుకుతూ పక్కకు పోయాయి. కళ్ళు ఆనని మనిషి పిన్నీసు పట్టుకుని ఎంతసేపు కూర్చుందో! నన్ను చూసి ఇంత భయం ఎప్పుడు మొదలైందో నాకు గుర్తు రాలేదు.

ఆ రాత్రి అన్నాల ముందు మా ఆయనతో ఒక కాయ పగలగొట్టించి పులుసు పెట్టాను, బెల్లం లేకుండా. అత్త రెండుసార్లు వేయించుకుంది. నేను అప్పుడే అన్నాను, "రేపు దవాఖానకు పోదాం అత్తా, నీ నడుము చూపిద్దాం" అని. ముద్ద నోటి దగ్గర ఆగింది. ఆమె పక్కింటి గోడ వైపు చూసి, మెల్లగా ముద్ద మింగింది.

మర్నాడు ముగ్గురం వెళ్ళాం. దవాఖాన పద్ధతులు తెలిసిన మనిషి కదా అని పక్కింటామెను నేనే పిలిచాను. డాక్టరమ్మ అత్త తుంటి దగ్గర నొక్కి చూసి, ఎక్స్‌రే తీయించి, ఎముక విరగలేదు కానీ జాగ్రత్తగా ఉండాలంది. "ఎన్నిసార్లు పడ్డారమ్మా?" అని అడిగింది.

"ఒక్కసారే" అంది అత్త. అంటూ నా వైపు చూడలేదు, డాక్టరు వైపూ చూడలేదు. పక్కింటామె వైపు చూసింది. ఆమె చప్పున చీటీలు సర్దడం మొదలుపెట్టింది.

బయట మందుల వరుసలో నిలబడి అడిగాను. "నిజం చెప్పక్కా. ఎన్నిసార్లు?"

"మీ అత్తమ్మను అడుగు చెల్లె. ఇగ నేను మల్ల ఒట్టు తప్పను."

అత్తను అడిగాను. "ఆకలైతుందే, ఇంటికి పోదాం పా" అంది. రెండోసారి అడిగితే వినబడనట్టు చెప్పులు వెతుక్కుంది.

ఆ వారమే క్యాంటీన్‌లో బతిమాలి, తెల్లవారుజామున మొదలై మధ్యాహ్నానికి ఇల్లు చేరే డ్యూటీకి మారాను. బాత్రూం గోడకు పట్టుకునే కడ్డీ కొట్టించాను. అత్త నిజంగా ఎన్నిసార్లు పడిందో వాళ్ళిద్దరూ నాకు ఇప్పటికీ చెప్పలేదు.