ఆర్విల్ తుడిచే గది

అమెరికాలోని మిల్వాకీ నగరంలో కుర్రాళ్లను సైన్యంలో చేర్చుకునే భవనం ఒకటుంది. ఆర్విల్ స్టెంజల్ అందులో పదమూడేళ్లుగా నేల తుడుస్తున్నాడు. ప్రమాణం చేయించే గది అంటే అతనికి ప్రాణం. అక్కడ పేరు పిలవగానే కుర్రాడు ఒక అడుగు ముందుకు వెయ్యాలి. వేశాడా, సైనికుడే. రోజూ అన్ని బూట్లు పడి పడి, ఆ అడుగు దిగే చోట నేల అరిగిపోయింది. ఎంత మైనం రుద్దినా మెరుపు నిలిచేది కాదు. పాతికేళ్ల క్రితం, హిట్లర్ మీద యుద్ధానికి వెళ్తూ, ఆర్విల్ కూడా అలాంటి అడుగే వేశాడు. పక్కవాడు వేశాడని వేశాడు.

1968లో వియత్నాం యుద్ధం వద్దంటూ కాలేజీ పిల్లలు ఆ భవనం మెట్ల మీద బైఠాయించసాగారు. జుట్టు కత్తిరించుకోవడం చేతకానివాళ్లు మనకు చెప్పొచ్చారని ఆర్విల్ సణిగేవాడు. వాళ్లలో తన కొడుకు డేల్ కూడా ఉన్నాడని తెలిసిన రోజు అతను రొట్టె ముట్టకుండానే లేచిపోయాడు. చదువుకునేవాళ్లను యుద్ధానికి పిలవకుండా ఇచ్చే మినహాయింపు కార్డును డేల్ తిరిగి పోస్టులో పంపేశాడు. కాలేజీ గడప తొక్కలేనివాళ్లు చస్తుంటే తను కార్డు చూపించి తప్పించుకోలేనన్నాడు. వెంటనే, సైన్యంలో చేరి తీరాలని సర్కారు పిలుపొచ్చింది.

ముందురోజు భోజనాల దగ్గర ఆర్విల్ బతిమాలాడు.

"ఒక్క అడుగేరా. వేసేసి, ఏ వంటశాలలోనో పని అడుక్కో. వెయ్యకపోతే అయిదేళ్లు జైలు."

"నువ్వు తుడిచే గదే కదా నాన్నా. వెయ్యనన్నవాడు ఎవడైనా ఉన్నాడా?"

"ఇంతవరకూ ఒక్కడూ లేడు. నువ్వేమన్నా పెద్ద మొనగాడివా?"

"కాదు. నాకూ భయమే."

మర్నాడు ఇరవై ఆరుగురు వరసగా నిలబడ్డారు. ఆర్విల్ తుడుపుకర్ర పట్టుకుని గుమ్మంలోనే ఉండిపోయాడు. ఒక్కో పేరుకూ ఒక్కో అడుగు పడుతోంది.

"డేల్ స్టెంజల్."

అడుగు పడలేదు.

"వినపడలేదేమో బాబూ," అన్నాడు అధికారి జాలిగా. మళ్లీ పిలిచాడు.

వెయ్యరా నాయనా, వెయ్యి, అని ఆర్విల్ లోపల్లోపల మొక్కుకున్నాడు. డేల్ మోకాళ్లు వణుకుతున్నాయి. ప్యాంటు కదలడం గుమ్మంలోకి కనిపిస్తోంది. అయినా పాదాలు ఉన్నచోటే ఉన్నాయి. అయిదేళ్ల శిక్ష సంగతి అధికారి కాగితం చూసి చదివాడు.

చిన్నప్పుడు పక్కింటి కుక్కకు జడిసి వీధి మారిపోయిన పిల్లాడు వీడేనా అని ఆర్విల్ విస్తుపోయాడు. రెండేళ్లు తుపాకీ మోసినా తనకు అంత గుండె ఎన్నడూ లేదు.

మూడోసారి, ఆఖరుసారి, పేరు పిలిచారు. ఆర్విల్ కర్రను గట్టిగా పట్టుకున్నాడు. ఈసారి అతని భయం వేరు, కొడుకు ఎక్కడ అడుగు వేసేస్తాడోనని.

డేల్ కదల్లేదు.