నూనె మాట వినే కారం

నా చిన్నప్పుడు మా వీధిలోకి ఎండాకాలం తుమ్ములతో వచ్చేది. ఇంటింటా ఏడాదికి సరిపడా మిరపకాయలు వాకిట్లో పోసుకుని, తొడిమలు తీసి, మిల్లులో కారం పట్టించుకునేవారు. తొడిమలు తీసే ముందు ఆడవాళ్లంతా చేతులకు నూనె రాసుకునేవారు. ఆ ఏడు నాకు తొమ్మిదేళ్లు. నేనూ తీస్తానని మొండికేసి కూర్చున్నాను గానీ నూనె మాత్రం రాసుకోనన్నాను. అద్దంకిలో కొన్న కొత్త పరికిణీకి జిడ్డంటుకుంటుందని నా బాధ. మా అమ్మ రెండుసార్లు చెప్పి, మూడోసారి నా ఖర్మకు వదిలేసింది.

మధ్యాహ్నానికి చేతులు మండడం మొదలైంది. ఆ మాట చెబితే పరువు పోతుంది కదా, గుట్టుచప్పుడు కాకుండా నీళ్లతో కడుక్కుని ఊరుకున్నాను. అమ్మ కాయలు మూట కట్టుకుని మిల్లుకు వెళుతూ, ఉయ్యాల్లో నిద్రపోతున్న తమ్ముణ్ణి చూసుకోమంది. వాడికప్పుడు ఏడాదిన్నర.

వాడు లేచి ఏడిస్తే ఎత్తుకుని బుగ్గలు నిమిరాను. వాడు నా వేలు పట్టుకుని నోట్లో పెట్టుకున్నాడు. ఆ తర్వాత పెట్టిన కేక ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. పెదవులు, బుగ్గలు ఎర్రబడ్డాయి. నేను కడిగేకొద్దీ ఎరుపు గడ్డం మీదికి, మెడ మీదికి పాకింది. వాడికేమవుతుందోనని ఏడ్చాను. అమ్మ ఇక వాణ్ణి నా చేతికివ్వదేమోనని అంతకన్నా ఎక్కువ ఏడ్చాను.

మా ఇద్దరి ఏడుపూ విని పక్కింటి అక్క పిట్టగోడ దూకి వచ్చింది. వాళ్లది దర్జీల ఇల్లు. ఆమె పదో తరగతి సైన్సులో తప్పి, ఇంట్లోనే కుట్టుమిషను తొక్కుతుండేది. వస్తూనే నా చేతులు వాసన చూసింది.

"నీళ్లు పొయ్యడం ఆపవే. ముందు వాణ్ణి ఇటియ్యి," అంది.

పాలగిన్నెలోని మీగడ తీసి వాడి మొహానికి రాసింది, నాలుక మీద కాస్త పెట్టింది. మెత్తటి గుడ్డతో తుడిచి మళ్లీ రాసింది. ఏడుపు వెక్కిళ్లలోకి దిగింది. కాసేపటికి ఆ దొంగవెధవ ఇంకొంచెం మీగడ కోసం నోరు తెరిచాడు.

అప్పుడు అక్క రెండు గాజు గ్లాసులు తెచ్చి, ఒకదాంట్లో నీళ్లు, ఇంకోదాంట్లో నూనె పోసి, రెండింట్లోనూ చిటికెడు కారం కలిపింది. నీళ్లలో కారం కొంత పైన తేలి, కొంత అడుక్కి దిగింది. నీళ్లకు రంగు సరిగా పట్టనే లేదు. నూనె మాత్రం చూస్తుండగానే ఎర్రబడింది.

"చూశావా, కారం నీళ్ల మాట వినదు. నూనె మాటే వింటది."

నా చేతులకు నూనె పట్టించి, గుడ్డపేలికతో తుడిచి, శెనగపిండితో రుద్ది కడిగింది. కారాన్ని నూనె తీసుకుంది, నూనెను పిండి తీసుకుంది, పిండిని నీళ్లు తీసుకుపోయాయి. మంట తగ్గింది. నా కొత్త పరికిణీ నిండా జిడ్డే, దాని సంగతి నాకు గుర్తే లేదు.

అమ్మ వచ్చి వాడి జిడ్డు బుగ్గలు చూసి ఏమైందని అడిగింది. అక్క నావైపు చూసింది. చెప్పడం నా వంతని అర్థమై, దాచకుండా చెప్పేశాను. అమ్మ తిట్టలేదు. నా రెండు చేతులూ ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి, తమ్ముణ్ణి నా ఒళ్లో కూర్చోబెట్టింది. అంత సంతోషం నాకు ఆ తర్వాత ఏ బహుమతీ ఇవ్వలేదు.

పై తరగతుల్లో ఏది దేంట్లో కరుగుతుందో పాఠం వచ్చినప్పుడు నాకు చదవాల్సిన పనే లేకపోయింది. అక్క సైన్సులో ఎలా తప్పిందో ఇప్పటికీ అర్థం కాదు.

మొన్న తమ్ముడు తన కూతుర్ని మొదటిసారి నా చేతికివ్వబోయాడు. ఆ రోజు నేను వంటింట్లోకే వెళ్లలేదు. అయినా వాణ్ణి ఒక్క నిమిషం ఆగమని, ముందు నా చేతులు వాసన చూసుకున్నాను.