మోకాలు నొప్పన్న అతిథి

జొంకొలాన్ కనుమకు ఎక్కే దారిలో, నిటారు మలుపులు మొదలయ్యే చోట, నీవెస్‌కు ఒక చిన్న భోజనశాల, దాని మీద మూడు గదులు ఉన్నాయి. వేసవి వచ్చిందంటే సైకిళ్లవాళ్లు దిగుతారు. రోజుకో కనుమ ఎక్కి, ఊరికో వంట తిని, సెలవులు గడుపుకొని పోతారు. వాళ్ల కోసం ఆమె చార్సోన్స్ చేస్తుంది. బంగాళాదుంప పిండిని పల్చగా ఒత్తి, లోపల పూర్ణంలా కూరు పెట్టి, కజ్జికాయల్లా మడిచి ఉడికించి, పైన కరిగిన వెన్న పోసి, పొగబెట్టిన జున్ను తురిమి చల్లుతుంది. ఆ కార్నియా కొండసీమలో ఏ ఇంటి కూరు ఆ ఇంటిదే. నీవెస్ కూరులో పద్నాలుగు రకాలు పడతాయి. అవేమిటో ముప్పై రెండేళ్లు కాపురం చేసిన భర్త ఎర్మెస్‌కే పూర్తిగా తెలియదు.

ఆమె మొదటి నుంచీ ఇలాంటి మనిషి కాదు. నాలుగేళ్ల కిందట ఊదినె పట్నం నుంచి ఒక మీసాల పెద్దమనిషి వచ్చి, రెండు ప్లేట్లు తిని, ఎంత బాగుందో అంటూ ఎదురుగా కూర్చుంటే, పొంగిపోయి ఒక్కొక్కటే చెప్పేసింది. మరుసటేడు లోయలో తిండి పండుగ జరిగినప్పుడు ఆ మనిషే గరిటె పట్టుకొని, మా నాయనమ్మ చేతివంట అంటూ అవే వడ్డిస్తున్నాడు. నీవెస్ వరుసలో నిలబడి ఒక ప్లేటు తీసుకుంది. తన తల్లి వేసే మరువంతో సహా అన్నీ ఉన్నాయి. ప్లేటు అక్కడే పెట్టి బస్సెక్కింది. దారి పొడుగునా ఏడ్చింది.

అప్పటి నుంచి వంటగది తలుపుకు లోపల గడియ పడింది. దాల్చినచెక్క ఒక ఊళ్లో కొనేది, ఎండుద్రాక్ష ఇంకో ఊళ్లో. ఆకుల కాడలను పెరట్లో గొయ్యి తీసి పూడ్చేది.

"కోడిగుడ్డు పెంకులు కూడా పూడ్చెయ్. ఎవడన్నా ఏరుకుపోతాడు" అనేవాడు ఎర్మెస్.

"నవ్వు, నవ్వు. పోయింది నీదా, నాదా?"

ఆ జులైలో ఏడుగురు సైకిళ్లవాళ్లు వచ్చారు. ఆరుగురు తింటున్నంతసేపూ ఇందులో ఏముంది, అందులో ఏముంది అని ప్రాణం తీశారు. ఏడో మనిషి మార్లీన్. ఫ్లాండర్స్ నుంచి వచ్చింది. అరవై ఏళ్లుంటాయి, తెల్లటి పొట్టి జుట్టు. ఆమె మాత్రం ఒక్క మాట అడగలేదు. మొదటి ముద్ద నోట్లో పెట్టుకొని ఆగిపోయింది. రెండోదాన్ని కత్తితో చీల్చి లోపలికి చూసింది. ప్లేటును ముక్కు దాకా ఎత్తి పట్టుకుంది. వడ్డించే కిటికీలోంచి నీవెస్ అన్నీ చూసింది.

పొద్దున ఆరుగురూ వెళ్లిపోయారు. మోకాలు నొప్పంటూ మార్లీన్ ఉండిపోయింది.

"మోకాలు నొప్పట! మేకపిల్లలా దిగింది మెట్లు" అంది నీవెస్.

"ఇప్పుడు తగ్గిందేమోనే."

"తగ్గితే సైకిలెక్కి పోవాలిగా? ఒక్క ముక్క అడగలేదు చూడు. ఇలాంటివాళ్లే అసలు దొంగలు."

"అడిగినవాడూ దొంగే, అడగనిదీ దొంగే. ఇంక ఈ కొండ ఎక్కేవాళ్లలో దొర ఎవరే?"

మధ్యాహ్నం నీవెస్ కావాలనే చిక్కుళ్ల చారు పెట్టింది. మార్లీన్ రెండు చెంచాలు తాగి, మెల్లగా, "రాత్రి పెట్టినవి లేవా?" అంది.

"అయిపోయాయి" అంది నీవెస్. గుడ్డ కప్పిన పళ్లెం నిండా లోపల ఉన్నాయి.

కాసేపటికి బల్లగుడ్డలు ఆరేయడానికి పెరట్లోకి వెళ్లేసరికి, మార్లీన్ ఆకుల మడిలో గొంతుక్కూర్చుని ఉంది. ఒక్కో ఆకూ తుంచి, నలిపి, వాసన చూసి పారేస్తోంది. ఒళ్లో చిన్న పుస్తకం. నీవెస్‌కు ఒళ్లు మండిపోయింది. ఒక్క ఉదుటున వెళ్లి పుస్తకం లాక్కుంది.

"ఏ హోటలు పంపింది నిన్ను? మోకాలితో కూడా అబద్ధమాడిస్తావా?"

మార్లీన్ లేచి నిలబడి, "చూడండి" అంది.

ఆ భాష నీవెస్‌కు రాదు. కానీ పేర్లు తెలిశాయి. స్టెల్వియో, గావియా, పోర్దోయి. ఒక్కో కనుమ కింద అక్కడి వంటకం పేరు, పక్కన ఇంటూ గుర్తు. పేజీలకు పేజీలు అంతే. చివర జొంకొలాన్, చార్సోన్స్. దాని పక్కన ఇంటూ లేదు. ప్రశ్న గుర్తు ఉంది.

"రెండేళ్ల కిందట జ్వరమొచ్చింది. వాసన పోయింది, రుచీ పోయింది" అంది మార్లీన్, మాటలు వెతుక్కుంటూ. "మాది రొట్టెల కొట్టు. రొట్టె మాడుతున్నా తెలియట్లేదని మూసేశాను. నిన్న మీ మొదటి ముద్దలో ఏదో తగిలింది. ఒక్క క్షణం. తోటివాళ్లకు చెబితే సంబరపడతారు, మళ్లీ పోతే జాలిపడతారు. అందుకే మోకాలన్నాను."

నీవెస్ నమ్మలేదు. కథలు చెప్పేవాళ్లను చూసింది.

"కళ్లు మూసుకో."

పుదీనా నలిపి ముక్కు కింద పెట్టింది. ఏమీ లేదంది. లోపలికి వెళ్లి దాల్చినచెక్క తెచ్చింది. ఏమీ లేదు. నిమ్మ తొక్క. ఏమీ లేదు. ఉత్త పిడికిలి పెట్టి, "ఇది?" అంది. అబద్ధమైతే ఇక్కడ ఏదో ఒక పేరు చెబుతుందని నీవెస్ అనుకుంది. మార్లీన్ తల అడ్డంగా ఊపింది. చివరికి పొగబెట్టిన జున్ను ముక్క పెట్టింది.

మార్లీన్ ముక్కుపుటాలు కదిలాయి. "పొగ" అంది.

"మళ్లీ మూసుకో."

మూడుసార్లు మార్చి మార్చి చూసింది. మూడుసార్లూ జున్ను దగ్గరే పొగ అంది. మూడోసారి ఆ మాట అంటూనే మోచేత్తో కళ్లు తుడుచుకుంది. నీవెస్ ఆరేయడానికి తెచ్చిన బల్లగుడ్డల్లోంచి ఒకటి తీసి చేతికిచ్చింది.

సాయంత్రం ఎర్మెస్ వచ్చేసరికి వంటగది తలుపు బార్లా తెరిచి ఉంది. "ఇల్లేమన్నా అంటుకుందా?" అన్నాడు కంగారుగా.

"నోరు మూసుకొని కూర్చో. నీకూ పెడతాను."

మార్లీన్ పొయ్యి పక్కనే కూర్చొని తొమ్మిది తింది. ప్రతి ముద్దకూ పొగ తెలిసింది. ఆరోదాంట్లో తీపి కూడా తగిలినట్టుందంది, గట్టిగా చెప్పలేనంది. అయినా కూరు గిన్నె మీద నీవెస్ కప్పిన గుడ్డ కప్పినట్టే ఉంది. పద్నాలుగింటిలో ఒక్కటీ బయటపెట్టలేదు.

మర్నాడు నీవెస్ జున్ను ముక్క పొట్లం కట్టిచ్చి మార్లీన్‌ను పంపింది. పది దాటాక కనుమ మీది కాఫీ కొట్టామెకు ఫోన్ చేసింది.

"తెల్లజుట్టు, ఆకుపచ్చ సైకిలు. ఎక్కిందా?"

"ఎక్కింది. బెంచీ మీద కూర్చుని ఏదో పొట్లం వాసన చూస్తోంది."

"పక్కన ఎవరన్నా ఉన్నారా?"

"ఒకాయన ఉన్నాడు. ఏదో అడుగుతున్నాడు."

"ఎవడు వాడు?" అంది నీవెస్. "మీసాలున్నాయా?"