చుక్కలు అల్లుడివి, రంగు అత్తగారిది

వీధిలో అందరూ ఆయన్ని తాళాలాయన అనే పిలుస్తారు. తెరుచుకోని బీరువా ముందు కూర్చుని, చెవి ఆనించి, సన్నని కమ్మీ ఒకటి కన్నంలోకి దూర్చి, లోపల ఏది ఎక్కడ కదిలిందో వేలికొసతో పసిగట్టేస్తాడు. నోట్లో నాలుక లేని మనిషి. దుకాణం కట్టేసి ఇంటికొచ్చాక ఆ కాసిని మాటలూ గోడవార ఉన్న గాజుతొట్టితోనే.

అది ఉప్పునీటి అక్వేరియం. నాలుగడుగుల పొడవు. లోపల సముద్రపు రాళ్ళు, వాటిమీద పువ్వుల్లా విచ్చుకునే పగడాలు, తెల్లచారల చేపలు రెండు. ఏడేళ్ళుగా కంటికి రెప్పలా చూసుకుంటున్నాడు. కుళాయి నీళ్ళు పట్టి పోస్తే కుదిరే వ్యవహారం కాదది. శుద్ధిచేసిన నీళ్ళలో కొలిచి ఉప్పు కలపాలి, రోజంతా తిప్పుతూ ఉంచాలి, వెచ్చదనం సరిచూడాలి.

"కూరలో ఉప్పు లేకపోయినా గుర్తుపట్టరు గానీ, చేపలకి మాత్రం తూకం వేసి మరీ వేస్తారు," అని భార్య నవ్వేది.

వానలు మొదలయ్యే రోజుల్లో భార్య తల్లికి రెండు కళ్ళకూ శుక్లాల ఆపరేషన్ అయింది. నెల రోజులు కూతురి దగ్గర ఉందామని వచ్చింది. నలభయ్యేళ్ళు కుట్టుదుకాణంలో పనిచేసిన మనిషి, మాటా సూదే. ఆవిడ మంచం వేయడానికి తొట్టి ఉన్న గది తప్ప మరో చోటు లేదు.

"ఏమిటే ఈ గురగుర? దీనికంటే మీ నాన్న గురకే నయం," అంది మొదటిరోజే, పంపు చప్పుడు విని.

అల్లుడు పంపు కింద ఒక రబ్బరు ముక్క పెట్టాడు.

మూడు వారాలు తిరిగేసరికి తొట్టికి తెగులు పట్టింది. రాళ్ళమీద వెంట్రుకల్లాంటి నాచు అల్లుకుంది. పగడాలు ముడుచుకుపోయాయి. తాళాలాయన దీపాలు మార్చాడు. పంపు విప్పి బిగించాడు. నొప్పి ఒకచోట, మందు ఒకచోట. అనుమానించాల్సింది నైట్రేట్‌ను. చేపల మలం, మిగిలిన మేత కుళ్ళి, చివరికి నైట్రేట్‌గా మారి నీళ్ళలోనే నిలిచిపోతుంది. నీళ్ళు మాత్రం అద్దంలా మెరుస్తూనే ఉంటాయి. అందుకే ఆయన ప్రతి ఆదివారం పరీక్ష చేస్తాడు: చిన్న సీసాలో తొట్టినీళ్ళు పట్టి, రెండు మందులు చుక్కలు లెక్కపెట్టి వేసి, గట్టిగా ఊపి, ఐదు నిమిషాలు ఆగి, రంగుల గళ్ళూ, గడికో అంకే ఉన్న అట్ట పక్కన పెట్టి చూడాలి. పసుపైతే నిశ్చింత, నారింజైతే పరవాలేదు, ఎరుపైతే ముప్పు.

"ఎంతొచ్చింది అల్లుడుగారూ?" అంది ఆ ఆదివారం అత్తగారు మంచంమీంచి.

"పదే అత్తయ్యగారూ. బాగానే ఉంది. మరెందుకిలా అవుతోందో తెలియడం లేదు."

"ఏదీ, ఇలా తెండి." సీసా కిటికీ వెలుగులో పట్టుకుంది. "ఇది పదా? దానిమ్మ గింజలా ఉంటేనూ! మీ అట్టమీద చివరి గడి ఇది. ఎనభై!"

"ఆపరేషన్ అయింది కదా, మీకు రంగులు తేడాగా..."

"ఆపరేషన్ అయింది కనకే కనబడుతోంది నాయనా!"

కూతురు చేతులు తుడుచుకుంటూ వచ్చి చూసింది. "అమ్మ చెప్పింది నిజమేనండీ. ఎర్రగా నిప్పులా ఉంది."

అత్తగారు తన సంచీలోంచి దారపు ఉండలు నాలుగు తీసి పక్కమీద పరిచింది. "వీటిలో ఒకే రంగువి రెండు తియ్యండి."

ఆయన తీశాడు. ఒకటి గోధుమరంగు, ఒకటి ఆకుపచ్చ. ఇద్దరి మొహాలూ చూసి ఆయనకే అర్థమైంది. యాభై రెండేళ్ళ వయసులో! రెండు కాళ్ళకీ రెండు రంగుల మేజోళ్ళు వేసుకున్నావని అందరూ నవ్వినప్పుడల్లా పరధ్యానం అనుకున్నాడు. ఇన్నేళ్ళూ తొట్టిలో నైట్రేట్ తక్కువగా ఉండబట్టి గండం గడిచింది, అంతే. తల దించుకున్నాడు.

ఎవర్నీ వదలని ఆ అత్తగారు ఆ ఒక్కసారీ నవ్వలేదు. "మా దుకాణంలో గుడ్డ కత్తిరించే ఆయన కూడా ఇంతే. ఆయన కత్తెర పడితే గుడ్డ వెన్నలా తెగేది. దారం నేను ఎంచి ఇచ్చేదాన్ని. ఒక్క చొక్కా వెనక్కి వస్తే ఒట్టు," అంది.

కంటి డాక్టరూ అదే చెప్పాడు: కొన్ని రంగుల తేడా తెలియని చూపు. పుట్టుకతో వచ్చింది, మందు లేదు, భయమూ లేదు.

"అయితే ఆ నీళ్ళన్నీ పారబోసి కొత్తవి పోసెయ్యండి," అంది అత్తగారు.

"ఒక్కసారిగా మారిస్తే తట్టుకోలేవు అత్తయ్యగారూ. మెల్లగా దించాలి." ఇంట్లో ఆయన అంత పొడుగు మాట మాట్లాడి చాలా రోజులైంది.

వారానికి ఐదో వంతు నీళ్ళు మార్చడం మొదలుపెట్టాడు. ఫిల్టర్ తెరిస్తే స్పాంజి నిండా జిగట; మురికి పట్టాల్సిందే మురికికుప్ప అయి కూర్చుంది. నెలకోసారి కడిగేదాన్ని ఇక మూడు రోజులకోసారి కడిగాడు. కింది అరలో, పెద్దతొట్టి నీళ్ళు దాని గుండా తిరిగేలా చిన్న తొట్టి పెట్టి, నైట్రేట్‌ను తిని పెరిగే సముద్రపు నాచు వేశాడు. మేత పూటపూటకీ వెయ్యడం మానేసి రోజుకి ఒక్కసారే అన్నాడు.

ఆ మాటకి అత్తగారు దుప్పటి అంచు సవరించుకుంది. "మధ్యాహ్నం కూడా పెట్టకూడదా?"

"మధ్యాహ్నం ఎవరు పెడుతున్నారు?"

"నా వంకే చూస్తూ నోళ్ళు తెరుస్తుంటే... ఒక్క చిటికెడు. మరీ దీనంగా చూస్తే రెండు."

కూతురు పడీ పడీ నవ్వింది. తాళాలాయన ఆపుకుందామనుకున్నాడు గానీ, ఆయన వల్లా కాలేదు.

అప్పట్నుంచి ఆదివారాలు ఇద్దరివీ. ఆవిడ చెయ్యి వణుకుతుంది కనక చుక్కలు ఆయన వేస్తాడు, రంగు ఆవిడ చెబుతుంది. ఎనభై అరవై అయింది, అరవై నలభై అయింది. ఆ వారం రాళ్ళమీద నాచు ఊడి రావడం మొదలైంది. మూలనున్న పగడం ఒకటి మాత్రం దక్కలేదు. దాన్ని తీసేసిన రోజు ఆయన అన్నం సరిగా తినలేదు. పదో వారానికి సీసాలో లేత నారింజ వచ్చింది. మిగిలిన పగడాలు వేళ్ళు చాపుకున్నట్టు విచ్చుకున్నాయి.

నెల రోజులకని వచ్చిన ఆవిడ మూడు నెలలు దాటినా వెళ్తానన్న ఊసెత్తలేదు. మొన్న చేపల దుకాణానికి అల్లుడితో కలిసి తనూ బయల్దేరింది. అక్కడ ఎర్రచారల రొయ్య ఒకదాని ముందు నిలబడిపోయింది.

"ఇది తీసుకుందాం అల్లుడుగారూ."

"రాళ్ళలో దూరితే నాకు కనపడదేమో అత్తయ్యగారూ."

"ఎక్కడుందో నేను చెప్తాగా! మీరు ముందు సంచీ పట్టండి."

ఆయన పట్టాడు.